కార్డు పోయింది, బియ్యం ఆగిపోయాయి: ఊరంతా కలిసి ఎలా అడ్డుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. చీపురుపల్లి దగ్గర మీ ఊళ్లో ఈ నెల రేషను డిపోకి వెళ్లిన కొన్ని ఇళ్లవాళ్లకి మిషన్‌లో కార్డే కనిపించలేదు. ఇంకొన్ని ఇళ్లలో కార్డు ఉంది గానీ ఇద్దరు ముగ్గురి పేర్లు పోయాయి. గ్రామ సచివాలయంలో అడిగితే "సిస్టమ్‌లోనే పోయింది, పైవాళ్లు చూడాలి" అన్నారు. దీన్ని ఆపించే దారి ఉందా, ధర్నా చేస్తే పనవుతుందా, గట్టిగా అడిగితే మీ అత్తగారి పింఛను కూడా తీసేస్తారా అని అడిగారు.

ఆపించవచ్చు. పోయిన కార్డుల్లో చాలావాటిని తిరిగి తెప్పించుకోవచ్చు కూడా. అందుకు చేయాల్సింది ఇంటికొక అర్జీ, ప్రతి అర్జీకీ రసీదు, ప్రతి తొలగింపుకీ రాతలో కారణం. ఈ మూడూ పట్టుకుని అందరూ ఒకే రోజు, ఒకే ఆఫీసుకి వెళ్లాలి. ధర్నా వద్దనను. కానీ కాగితాలు లేకుండా చేసే ధర్నాకి "విచారిస్తాం" అనే మాట తప్ప ఏమీ రాదు. పింఛను గురించి మీ అత్తగారి భయం నిజమైనదే, దాని సంగతి కింద విడిగా రాశాను. ఊరుకుంటేనే ఆ పింఛనుకి ప్రమాదం ఎక్కువ.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మహిళా సంఘాలతో, కూలీ సంఘాలతో కలిసి రేషను, అంగన్‌వాడీ, ఉపాధి పనుల సమస్యల మీద చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. ఇచ్ఛాపురం నుంచి ఎస్.కోట దాకా ఈ కథ ఒకే రకంగా నడవడం చూశాను. పేదలకిచ్చే బియ్యం తగ్గిస్తున్నామని ఏ ప్రభుత్వమూ ప్రకటించదు. అనర్హుల ఏరివేత అంటారు, బోగస్ కార్డులంటారు, ఈ-కేవైసీ (వేలిముద్రతో ఆధారు సరిచూడటం) అంటారు. ఒకరి కార్డు కరెంటు బిల్లు పేరుతో పోతుంది, ఇంకొకరిది భూమి పేరుతో, మరొకరిది వేలిముద్ర పడలేదని. ఒక్కో ఇల్లూ ఒక్కో కారణంతో పోతుంది గనుక ఎవరికి వాళ్లు అది తమ ఇంటి సమస్యే అనుకుని సచివాలయం చుట్టూ ఒంటరిగా తిరుగుతారు. పక్కింట్లోనూ అదే జరిగిందని తెలిసేసరికి మూడు నెలల బియ్యం పోయి ఉంటాయి. కాబట్టి మీరు మొదట చేయాల్సిన పని, మీ ఊళ్లో పోయిన కార్డులన్నీ ఒక పుస్తకంలో రాయడం. ఇంటి పెద్ద పేరు, కార్డు నంబరు, ఎంతమంది మనుషులు, ఏ నెల నుంచి ఆగింది, సచివాలయంలో ఏం చెప్పారు. ఈ ఐదు వివరాలు చాలు. ఆ పుస్తకం తయారైన రోజే ఇది ఊరి సమస్య అవుతుంది.

చట్టం మీ వైపు ఎంతవరకు ఉంది?

2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం అర్హత ఉన్న ఇంట్లో మనిషికి నెలకి 5 కిలోలు, నిరుపేద ఇళ్లకిచ్చే అంత్యోదయ కార్డైతే ఇంటికి 35 కిలోలు ఇవ్వాలి. చట్టం రాసినప్పుడు బియ్యం కిలో 3 రూపాయలు. 2023 జనవరి నుంచి కేంద్రం ఉచితం చేసింది, 2024 జనవరి నుంచి మరో ఐదేళ్లకి పొడిగించింది. ఇది దయతో ఇచ్చేది కాదు, హక్కు. ఇవ్వాల్సిన బియ్యం ఇవ్వకపోతే దానికి బదులుగా ఆహార భద్రతా భత్యం కింద డబ్బు ఇవ్వాలని 8వ సెక్షన్ చెబుతోంది. ఫిర్యాదు తీసుకోవడానికి ప్రతి జిల్లాకీ ఒక అధికారి ఉండాలని 15వ సెక్షన్, ఆయన తీర్పు నచ్చకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కి అప్పీలు చేసుకోవచ్చని 16వ సెక్షన్ చెబుతున్నాయి. జిల్లా అధికారి ఇవ్వమన్న దాన్ని కింది ఉద్యోగి సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు (33వ సెక్షన్). 13వ సెక్షన్ గురించి ఊళ్లలో ఎవరూ చెప్పరు. పద్దెనిమిదేళ్లు దాటిన ఆడవాళ్లలో పెద్దావిడే కార్డుకి ఇంటి పెద్ద. అందుకే అర్జీల మీద సంతకాలు మీ ఊరి ఆడవాళ్లవే ఉండాలి, ముందు వరసలో నిలబడాల్సింది కూడా వాళ్లే.

ఇక్కడొక మెలిక ఉంది. మన రాష్ట్రంలో బియ్యం కార్డులు రెండు రకాలు. కొన్ని కేంద్ర చట్టం కిందవి. మిగిలినవి రాష్ట్రం తన ఖర్చుతో ఇస్తున్నవి. కేంద్రం ఇచ్చే కోటా ఇప్పటికీ 2011 జనాభా లెక్కల మీదే ఆధారపడి ఉంది. ఆ తర్వాత పుట్టిన పిల్లలు, విడిపోయిన కాపురాలు ఆ లెక్కలో లేవు. అందుకే మీ కార్డు ఏ రకమో సచివాలయంలో అడిగి పుస్తకంలో పక్కనే రాసుకోండి. కేంద్ర చట్టం కిందదైతే పై సెక్షన్లన్నీ నేరుగా వర్తిస్తాయి. రాష్ట్రం కార్డైతే 8వ సెక్షన్ మాట ఎత్తకుండా, నోటీసు ఇవ్వకుండా, విచారణ చేయకుండా ఎలా తీశారన్న దాని మీదే గట్టిగా నిలబడండి.

నోటీసు లేకుండా తీయడం ఎంత తప్పో చూపించడానికి మన పక్క రాష్ట్రం సంగతి చాలు. తెలంగాణలో కంప్యూటర్ లెక్కలతో సుమారు 19 లక్షల కార్డులు రద్దు చేశారు. ఇళ్లకి వెళ్లి చూసిన వాళ్లు లేరు, ముందుగా చెప్పిన వాళ్లూ లేరు. హైదరాబాద్‌కి చెందిన ఒక సామాజిక కార్యకర్త సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. రద్దయిన కార్డుల మీద క్షేత్రస్థాయిలో మళ్లీ విచారణ జరపమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. "సిస్టమ్‌లో పోయింది" అన్న జవాబు విన్నప్పుడల్లా నేను ఆ సంగతే అర్జీలో రాయిస్తాను. కంప్యూటర్ అనుమానం చూపించవచ్చు, నిర్ణయం మాత్రం ఇంటికొచ్చి చూసిన మనిషి తీసుకోవాలి.

ఏ కారణానికి ఏ జవాబు

అసలు పని ఇక్కడే ఉంది. మన రాష్ట్రంలో 2019 నుంచి అర్హత చూసే కొలతలు అందరికీ తెలిసినవే. పల్లెలో ఇంటి ఆదాయం నెలకి 10,000, పట్టణంలో 12,000 దాటకూడదు. మాగాణి 3 ఎకరాల లోపు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు, రెండూ కలిపినా 10 దాటకూడదు. కరెంటు నెలకి 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో నాలుగు చక్రాల బండి, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. పట్టణంలో అయితే ఇంటి కొలత కూడా చూస్తారు. ట్యాక్సీ, ట్రాక్టరు, ఆటో ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. పారిశుద్ధ్య కార్మికులకి ఉద్యోగం నిబంధన వర్తించదు.

కాగితం మీద ఇవి సరిగ్గానే కనిపిస్తాయి. ఊళ్లోకి వస్తే ఏమవుతుందో చూడండి.

కరెంటు సంగతి. విజయనగరంలో ఒక పెంకుటింట్లో నాలుగు కాపురాలు అద్దెకున్నాయి, మీటరు ఒక్కటే. ఆ మీటరు ఓనరుది, కానీ సర్వీసు నంబరుకి ఆధారు ఎక్కించింది అద్దెకున్న ఒక రిక్షా కార్మికుడిది. నాలుగిళ్ల ఫ్యాన్లు, లైట్లు కలిసి అతని ఖాతాలో పడ్డాయి. కార్డు పోయింది. కరెంటు ఆఫీసులో ఆ సర్వీసు నంబరుకి ఆధారు విడగొట్టించి, వాళ్లిచ్చిన కాగితం సచివాలయంలో పెట్టాకే కార్డు తిరిగి వచ్చింది. మీ ఊళ్లో కరెంటు పేరుతో పోయినవాళ్లంతా ముందు తమ ఆధారుకి ఎన్ని మీటర్లు కట్టారో అడిగి తెలుసుకోవాలి.

భూమి సంగతి. తాత పేరున ఉన్న భూమి కొడుకులు నోటిమాటగా పంచుకుని ఉంటారు. రికార్డులో మాత్రం మొత్తం ఒకరి ఖాతాలోనే ఉంటుంది. ఆ ఒక్కడి కార్డు పోతుంది. రెవెన్యూ విచారణలో పక్క రైతుల వాంగ్మూలంతో ఇది తేలుతుంది, అయితే గ్రామ రెవెన్యూ అధికారి (వి.ఆర్.ఓ.) ఊళ్లోకి వచ్చి తీరాలి. ఆయన రావాలని అర్జీలో రాయండి.

ఉద్యోగం సంగతి. కొడుక్కి విశాఖలో చిన్న ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, వేరు కాపురం. కానీ ఇంటింటి మ్యాపింగ్‌లో, అంటే ఏ ఇంట్లో ఎవరున్నారని సచివాలయంలో రాసుకున్న లెక్కలో, ఇంకా అమ్మ ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ కార్డు పోయింది. ఆ ముసలామె కొడుకు పంపే డబ్బు మీద ఎంత ఆధారపడుతుందో ఆమెకే తెలుసు, మ్యాపింగ్‌కి తెలియదు. పెళ్లి కాగితం, కొడుకు విశాఖ చిరునామా ఉన్న ఆధారు పెట్టి ఇంటి నుంచి అతన్ని విడదీయించాలి.

ఇక ఆదాయం. దీని మీద నాకు చాలా కోపం ఉంది. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. ఆ రేటుకి భార్యాభర్తలిద్దరూ నెలలో 17 రోజులు పనికి వెళ్తే 10,438 రూపాయలవుతుంది. అంటే ప్రభుత్వం తానే కట్టిన కూలి లెక్కన, నెలలో సగం రోజులు పని దొరికిన కూలి కుటుంబం 2019లో గీసిన గీత దాటేసి పేదది కాకుండా పోతుంది. మిగతా రోజుల సంగతి ఎవరూ అడగరు. నలుగురున్న ఇంటికి 20 కిలోల బియ్యం వస్తాయి. బజారులో కిలో 45 అనుకున్నా 900 రూపాయలు. వానల్లో పనిలేని నెలలో ఆ 900 ఎక్కడినుంచి తేవాలి? మొదట తగ్గేది పప్పు, తర్వాత కూర. ఆఖరికి తల్లి తన కంచంలో అన్నం తగ్గించుకుంటుంది, చోడి (రాగి) అంబలితో సరిపెట్టుకుంటుంది. గర్భిణిగా ఉన్నా అంతే. ఆదాయం పేరుతో కార్డు పోయిన ఇల్లు ఏదైనా ఉంటే ఈ లెక్క మీ అర్జీలో తప్పకుండా రాయండి.

వేలిముద్ర పడని వాళ్ల సంగతి కొంచెం వివరంగా రాయాలి. పలాస చుట్టుపక్కల జీడిపిక్కల పనికి వెళ్లే ఆడవాళ్ల చేతులు దగ్గరగా చూశారా? పిక్క కొట్టేటప్పుడు తొక్కలోంచి వచ్చే జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకున్నా, నూనె రాసుకున్నా కొన్నాళ్లకి వేళ్ల కొసలు నల్లబడి, పొరలు పొరలుగా ఊడి, నున్నగా అయిపోతాయి. ఆ వేలు మిషను మీద పెడితే ఎర్ర లైటే. ఒకావిడ డిపో దగ్గర ఒక్కో వేలూ చీర కొంగుతో తుడిచి తుడిచి పదివేళ్లూ పెట్టింది. "మా ఇంట్లో అందరూ నన్ను పోలుస్తారు బాబూ, ఈ మిషనే పోల్చదు. నా ఏళ్లు అరిగిపోనాయి, నానేటి సేసేది?" అంది. ఆవిడ ఈ-కేవైసీ పూర్తికాలేదని పేరు తీసేశారు. పని చేసి చేసి అరిగిన వేళ్లు ఆవిడవి. పని చేసే మనిషని చెప్పడానికి అంతకంటే రుజువేం కావాలి?

ఇటువంటి వాళ్లకి దారులున్నాయి. కంటిపాప స్కానింగు అడగాలి. అది డిపోలో లేకపోతే సచివాలయంలో ఎక్కడ చేస్తారో చెప్పమనాలి. ఫోను నంబరు ఆధారుకి కట్టి ఉంటే ఓటీపీతో కుదురుతుందేమో అడగాలి. ఏదీ కుదరకపోతే రిజిస్టరులో రాసి బియ్యం ఇవ్వాల్సిందే. జార్ఖండ్‌లో 2017 సెప్టెంబరులో, కార్డు రద్దయి నెలల తరబడి రేషను అందని ఇంట్లో 11 ఏళ్ల పాప చనిపోయింది. ఆకలితోనే అని తల్లి చెప్పింది, జబ్బుతో అని ప్రభుత్వం చెప్పింది. ఆ తర్వాత 2017 అక్టోబరు 24న కేంద్రం అన్ని రాష్ట్రాలకీ ఉత్తరం రాసింది. ఆధారు లేదనో, వేలిముద్ర పడలేదనో అర్హులకి బియ్యం ఆపకూడదు, ఆ కారణంతో పేర్లు తీయకూడదు అని. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి, అర్జీలో రాయండి. తేదీ కనిపిస్తే అధికారి ఆ కాగితాన్ని చదివే తీరు మారుతుంది.

వలస వెళ్లిన వాళ్ల సంగతి మన రెండు జిల్లాల్లో పెద్దది. హైదరాబాద్ కట్టడాల పనికి, చెన్నైకి, మత్స్యకారులైతే గుజరాత్ వేరావల్ దాకా వెళ్తారు. 2025 జులైలో కేంద్రం తెచ్చిన సవరణ ప్రకారం వరుసగా ఆరు నెలలు సరుకు తీసుకోకపోతే కార్డు తాత్కాలికంగా ఆపుతారు. ఆపాక మూడు నెలల్లోగా ఇంటికొచ్చి విచారించి తేల్చాలి. తాత్కాలికం అన్నమాటే చాలామందికి చెప్పడం లేదు, పూర్తిగా పోయిందని ఊరుకుంటున్నారు. వలస ఇళ్లవాళ్లు చేయాల్సింది ఒకటే. కేంద్ర చట్టం కింది కార్డైతే దేశంలో ఏ డిపోలోనైనా, ఇంట్లో ఏ ఒక్కరైనా, తమ కోటాలో కొంతభాగమైనా తీసుకోవచ్చు. ఊళ్లో ఉన్న ముసలమ్మ పది కిలోలు తీసుకుని, హైదరాబాద్‌లో ఉన్న కొడుకు మిగతాది తీసుకున్నా కార్డు బతికి ఉంటుంది. చిన్నపిల్లల పేర్లు వేలిముద్ర లేదని తీసేస్తే ఒప్పుకోకండి. ఐదేళ్లలోపు పిల్లలకి అది అక్కర్లేదు.

వెళ్లాల్సిన చోటు, వెళ్లే పద్ధతి

మొదట సచివాలయంలో ఇంటికొక అర్జీ. డిజిటల్ అసిస్టెంట్ ఆన్‌లైన్‌లో ఎక్కించి నంబరున్న రసీదు ఇవ్వాలి. "తర్వాత ఎక్కిస్తాను" అంటే అక్కడే కూర్చోండి. రసీదు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లాలి. జనం ఇంకా గ్రీవెన్సు అనే అంటారు. అక్కడ జాయింట్ కలెక్టరుకి, జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి అని రాసి ఇవ్వండి. ఒక కాపీ జిల్లా పౌర సరఫరాల అధికారికి. 1967కి ఫోను చేసి ఫిర్యాదు నంబరు కూడా తీసుకోండి, అది అదనపు సాక్ష్యం.

దీనితో పాటే సమాచార హక్కు దరఖాస్తు ఒకటి వేయండి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలే, తెల్ల కార్డు ఉన్నవాళ్లకి అదీ అక్కర్లేదు. మీ పంచాయతీలో ఈ ఏడాది తీసేసిన కార్డుల జాబితా, ఒక్కోదానికి కారణం, విచారణ నివేదిక నకలు, నోటీసు ఇచ్చిన తేదీ అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. చాలా సందర్భాల్లో విచారణ నివేదిక ఉండదు. లేదని వాళ్లే రాసిస్తే, అప్పీలుకి మీ చేతిలో అంతకంటే బలమైన కాగితం ఉండదు.

గ్రామసభని తేలిగ్గా తీసుకోకండి. తొలగించిన పేర్లు సభలో చదివించి, ఎవరు అర్హులో ఊరి ముందు తేల్చి, తీర్మానం రాయించి సర్పంచి సంతకం తీసుకోండి. చట్టం 28వ సెక్షన్ సామాజిక తనిఖీ గురించి, 29వ సెక్షన్ డిపో స్థాయి నుంచి విజిలెన్స్ (నిఘా) కమిటీల గురించి చెబుతున్నాయి. మీ ఊళ్లో ఆ కమిటీ ఉందా, అందులో ఎవరున్నారు అని సభలోనే అడగండి.

డీలరు మీద కోపం పెట్టుకోవద్దు. పంచిన బియ్యాన్ని బట్టి అతనికి కమీషను వస్తుంది, కార్డులు తగ్గితే అతని ఆదాయమూ తగ్గుతుంది. అందుకే పోయిన పేర్ల జాబితా ఇవ్వడానికి చాలామంది డీలర్లు సిద్ధంగానే ఉంటారు. సచివాలయం పిల్లలు కూడా పైనుంచి వచ్చిన జాబితా చూపిస్తున్నారు తప్ప తయారు చేసింది వాళ్లు కాదు. వాళ్లతో గొడవ పడితే మీకు లోపలి సమాచారం చెప్పే ఒక్క మనిషీ దూరమవుతాడు.

"బోగస్ కార్డులు నిజంగా ఉన్నాయి కదా?" ఈ ప్రశ్న మీకు ఊళ్లోనే ఎదురవుతుంది. ఉన్నాయి. కారున్నవాళ్లు, మేడలున్నవాళ్లు కార్డు పెట్టుకుని బియ్యం తెచ్చి బయట అమ్మేయడం నేనూ చూశాను. వాళ్ల కార్డులు తీస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ పది మంది అనర్హుల్ని తీయడానికి ఒక్క ముసలమ్మ అన్నం ఆపినా అది అన్యాయమే. అర్హుల్ని విడిచిపెట్టి అనర్హుల్ని తీయడం విచారణ చేస్తేనే కుదురుతుంది, విచారణ లేకపోతే ఇద్దరూ కలిసి పోతారు. ఊళ్లో "వాడిది ఎందుకు పోలేదు, నాది ఎందుకు పోయింది" అన్న తగువు మొదలైతే మీ ఐక్యత ఆ రోజే పోతుంది. అర్జీలో పక్కింటివాళ్ల పేరు ఎవరూ రాయకూడదని ముందే మాట తీసుకోండి.

పింఛను భయం సంగతి. పింఛను పథకం వేరు, బియ్యం పథకం వేరు. అర్జీ పెట్టారని ఎవరి పింఛనూ ఆపే అధికారం ఏ ఉద్యోగికీ లేదు. కానీ రెండింటికీ ఇంటి వివరాలు చూసే డేటా ఒకటే. మీ అత్తగారి పేరు మీద తప్పుగా ఒక మీటరో, భూమో, కొడుకు ఉద్యోగమో ఎక్కి ఉంటే, ఈరోజు బియ్యం పోయిన కారణంతోనే రేపు పింఛను, ఎల్లుండి ఆసుపత్రి కార్డు ప్రశ్నలో పడతాయి. ఉద్దానంలో డయాలసిస్ రోగులున్న ఇళ్లలో ఇది ఎంత దూరం పోతుందో నేను కళ్లారా చూశాను. ఆ తప్పు ఇప్పుడే సరిచేయించుకోవడం ఆవిడ పింఛనుకి రక్షణ. ఆవిడతో ఈ మాట చెప్పండి, ఒక్కరినే పంపకుండా పదిమంది ఆడవాళ్ల మధ్య తీసుకెళ్లండి.

కందిపప్పు, పంచదార రావడం లేదన్న ఫిర్యాదుని ఇందులో కలపకండి. అవి జాతీయ చట్టంలో లేవు, రాష్ట్రం ఇస్తానన్నవి. వాటి కోసం ఎమ్మెల్యేని, మంత్రిని అడగాలి, ఎన్నికల మాటలు గుర్తుచేయాలి. అంగన్‌వాడీలో గర్భిణులకి, పిల్లలకి ఇచ్చే ఆహారం మాత్రం చట్టంలో ఉంది (4, 5 సెక్షన్లు). అక్కడ ఇప్పుడు ముఖం గుర్తింపు పెట్టారు. ఫోనులో ముఖం పడలేదని ఇంటికిచ్చే సరుకు ఆగితే అదీ ఇదే దారిలో ఫిర్యాదు చేయాలి.

ఇక ధర్నా. రసీదులు చేతికొచ్చి, గడువు దాటి, జవాబు రాకపోతే అప్పుడు చేయండి. ఒక్క ఊరు కాకుండా మండలంలో నాలుగైదు ఊళ్ల పుస్తకాలు కలిపి, తహసీల్దారు ఆఫీసు ముందు, విలేకరులకి ముందే చెప్పి. కంచాలు పట్టుకుని కూర్చున్న ఫొటోతో పాటు తేదీలున్న రసీదుల జాబితా కూడా విలేకరి చేతిలో పెట్టండి. వార్త అప్పుడు నిలుస్తుంది. ఈ బియ్యం ధర 1983లో కిలో 2 రూపాయలు, తొంభైల్లో పెరిగింది, 2008లో మళ్లీ 2, 2011 నవంబరులో ఒక్క రూపాయి, ఇప్పుడు ఉచితం. అధికారంలో ఏ పార్టీ ఉన్నా, జనం ఊరుకోరని తెలిసినప్పుడే తగ్గింది. కోర్టు ఆఖరి మెట్టు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పేదలకి, ఆడవాళ్లకి ఉచితంగా వకీలుని ఇస్తారు, అవసరమైతే అక్కడికి వెళ్లండి.

అర్జీ నమూనా కింద ఇస్తున్నాను. చేత్తో రాసినా చాలు.

"జాయింట్ కలెక్టరు గారికి (జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి). నా పేరు ..., ఊరు ..., బియ్యం కార్డు నంబరు ... . మా ఇంట్లో ... మందిమి. ... నెల నుంచి మాకు బియ్యం ఇవ్వడం లేదు. తొలగించే ముందు నాకు నోటీసు రాలేదు, మా ఇంటికి ఎవరూ విచారణకి రాలేదు. నేను కోరేది: తొలగించిన కారణం రాతలో ఇవ్వాలి. మా ఇంటికి వచ్చి విచారణ చేయాలి. విచారణ పూర్తయ్యేదాకా బియ్యం ఇవ్వాలి. ఆగిన నెలలకి జాతీయ ఆహార భద్రతా చట్టం 8వ సెక్షన్ ప్రకారం భత్యం ఇవ్వాలి. తేదీ, సంతకం లేదా వేలిముద్ర."

వేలిముద్ర పడనివాళ్లు ఉంటే ఆ విషయం, ఏం పని చేస్తారన్నది ఒక వాక్యం కలపండి. రాష్ట్రం కార్డైతే భత్యం వాక్యం తీసేయండి. ప్రతి అర్జీకీ రెండు కాపీలు తీయించి, రెండోదాని మీద స్టాంపు వేయించుకోండి. వచ్చే సోమవారమే వెళ్లేటట్టయితే శనివారం సాయంత్రానికి పుస్తకం పూర్తిచేసి, ఏ కారణంతో ఎన్ని ఇళ్లు పోయాయో ఇక్కడ రాయండి. కరెంటు, భూమి, మ్యాపింగ్ కేసులకి జత చేయాల్సిన కాగితాలు ఒక్కోదానికి వేరు, చూసి చెబుతాను.